అమ్మీ తిన్న చిప్స్: ఇంగ్లండ్ చిన్న ఊళ్ళో భోజనానికి కూర్చునే ముందు అడగాల్సిన మాటలు

మేము బర్మింగ్‌హామ్‌లో ఉంటాం. నాలుగేళ్ళ క్రితం అమ్మీ నంద్యాల నుంచి మొదటిసారి మా దగ్గరికి వచ్చింది. ఒక ఆదివారం అందరం కారులో లడ్లో అనే ఊరికి వెళ్ళాం. కోట చూశాం, సంతలో తిరిగాం. పిల్లలకు ఆకలేసింది. ఒక సందులో భార్యాభర్తలు నడుపుకునే చిన్న రెస్టారెంట్ కనిపిస్తే అక్కడే కూర్చున్నాం. మెనూ మేము చదివి వినిపిస్తుంటే అమ్మీ మధ్యలోనే ఆపేసింది. "బేటా, నాకు చిప్స్ చాలు. ఆలుగడ్డలో ఏ గొడవా ఉండదు కదా" అంది. మేమూ అదే అనుకున్నాం. చేపలు, చిప్స్ తెప్పించుకుని బిస్మిల్లాహ్ అని తిన్నాం.

బిల్లు కడుతుంటే మా ఆవిడ చిప్స్ చాలా రుచిగా ఉన్నాయని మెచ్చుకుంది. ఆ ఇంటావిడ సంతోషపడిపోయి, "మేము ఇప్పటికీ పాత పద్ధతిలోనే పశువుల కొవ్వులో వేయిస్తాం, అందుకే ఆ రుచి" అంది.

ఆమె ఏదీ దాచలేదు. మోసమూ చేయలేదు. మేమే అడగలేదు. "ముందే చెప్పి ఉంటే వేరే గిన్నెలో నూనె పోసి వేయించేదాన్ని కదా" అని ఆమే బాధపడింది. దారి పొడుగునా అమ్మీ మాట్లాడలేదు. తెలియక జరిగింది, అల్లాహ్ మన్నిస్తాడు అని మేమెంత చెప్పినా ఆమె మనసు కుదుటపడలేదు. మిగిలిన రెండు నెలలూ బయట ఏదీ ముట్టలేదు. ఎక్కడికి వెళ్ళినా స్టీలు డబ్బాలో అన్నం, టమాటా పచ్చడి. మేము నలుగురం టేబుల్ దగ్గర, ఆమె కారులో.

ఇప్పుడు మన తెలుగు ముస్లిం కుటుంబాల పిల్లలు చాలామంది చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్ వస్తున్నారు. వాళ్ళను చూడటానికి అమ్మానాన్నలు వస్తున్నారు. లండన్, బర్మింగ్‌హామ్, లెస్టర్ లాంటి నగరాల్లో హలాల్ భోజనానికి లోటు లేదు. ఇబ్బంది అంతా సెలవు రోజున పల్లె వైపు వెళ్ళినప్పుడే. అక్కడ ఏం అడగాలో, ఎప్పుడు అడగాలో తెలిస్తే పెద్దవాళ్ళు కారులో కూర్చోవాల్సిన పని లేదు. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

మార్కెట్ టౌన్ అంటే ఏ ఊరు?

మన దగ్గర చుట్టుపక్కల పల్లెలన్నీ వారం సంతకు ఒక ఊరికి వస్తాయి కదా, ఇంగ్లండ్‌లో అలాంటి ఊరిని మార్కెట్ టౌన్ అంటారు. పూర్వం సంత జరుపుకునే హక్కును రాజు రాసి ఇచ్చేవాడు. లడ్లో అలాంటి ఊరే. ష్రాప్‌షైర్‌లో, వేల్స్ సరిహద్దుకు దగ్గరగా, టీమ్ నది ఒడ్డున ఉంటుంది. జనాభా సుమారు పదివేలు. 11వ శతాబ్దంలో మొదలుపెట్టిన కోట ఉంది. ఎనిమిదో హెన్రీ రాజు అన్న ఆర్థర్ 1502లో చనిపోయింది ఆ కోటలోనే. ఇప్పటికీ కోట ముందున్న మైదానంలోనే సంత జరుగుతుంది.

చుట్టూ గొర్రెలు, పశువులు పెంచే పొలాలు. అందుకే ఈ ఊరికి తిండి విషయంలో పెద్ద పేరు. 1995 నుంచి ఏటా కోటలో ఆహారోత్సవం జరుగుతోంది. 2000 ప్రాంతంలో ఇంత చిన్న ఊళ్ళో మూడు రెస్టారెంట్లకు మిషెలిన్ స్టార్ ఉండేది. అందులో ఒకటైన మర్చంట్ హౌస్‌లో షాన్ హిల్ ఒక్కడే వంట చేసేవాడు, ఆయన భార్య టేబుళ్ళు చూసుకునేది. పట్టుమని పది టేబుళ్ళు కూడా లేని చోటు అది. 2005లో మూసేశారు.

కుటుంబం నడిపే రెస్టారెంట్ తీరు అలాగే ఉంటుంది. వంటగదిలో ఇద్దరు ముగ్గురు, బయట ఒకరిద్దరు. మెనూ చిన్నది. మనకు ఇందులో ఒక లాభం ఉంది. పెద్ద కంపెనీ రెస్టారెంట్‌లో మనం అడిగితే, వంటతో సంబంధం లేని కుర్రాడు లోపలికి వెళ్ళి కనుక్కుని వస్తాడు. చాలా పదార్థాలు వాళ్ళకు తయారై డబ్బాల్లో వస్తాయి. ఇక్కడ అలా కాదు. ఫోన్ ఎత్తేది ఓనరే, మాంసం కొనేది వాళ్ళే, పులుసు కాచేది వాళ్ళే. అడిగితే నేరుగా జవాబు వస్తుంది.

ఏది ఎక్కడ దాగి ఉంటుంది?

పంది మాంసం వద్దు, మద్యం వద్దు అని చెబితే సరిపోతుందని మనం అనుకుంటాం. అసలు చిక్కు కంటికి కనపడని నాలుగు చోట్ల ఉంటుంది.

మొదటిది కొవ్వు. పశువుల కొవ్వును డ్రిప్పింగ్ అంటారు. ఉత్తర ఇంగ్లండ్‌లో చేపలు, చిప్స్ ఇందులో వేయించే అలవాటు ఇంకా బాగా ఉంది, మిగతా చోట్ల కూడా కొందరు వాడతారు. ఆదివారం భోజనంలో వచ్చే వేయించిన ఆలుగడ్డలకు ఇదే కొవ్వు గానీ బాతు జాతి పక్షుల కొవ్వు గానీ వాడతారు. యార్క్‌షైర్ పుడింగ్ పేరుకు పుడింగే కానీ తీపి కాదు. పిండి, గుడ్లు, పాలు కలిపి కాలుతున్న కొవ్వులో పోసి ఉబ్బించే రొట్టె లాంటిది. లార్డ్ అంటే పంది కొవ్వు. కొన్ని పై పిండిలో ఇది కలుపుతారు. సూయెట్ అంటే పశువు మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు. ఆవిరి పుడింగుల్లో, క్రిస్మస్ రోజుల మిన్స్ పైలలో ఉండొచ్చు.

రెండోది స్టాక్. ఎముకలు గంటల తరబడి కాచి తీసిన రసం ఇది. కూరగాయల సూప్ అని రాసి ఉన్నా అడుగున కోడి ఎముకల రసం ఉండొచ్చు. మాంసం మీద పోసే గ్రేవీ సరేసరి.

మూడోది వైన్, బీరు. ఆల్చిప్పలను వైన్‌లో ఉడికిస్తారు. సాస్‌లు చాలావాటిలో వైన్ పడుతుంది. చేపకు పట్టించే పిండిలో బీరు కలుపుతారు, కరకరలాడటం కోసం. ట్రైఫిల్ అనే తీపిలో షెర్రీ పోయడం పాత ఆచారం.

నాలుగోది జెలటిన్. పానకోటా, మూస్, పొయ్యి మీద పెట్టకుండా గడ్డకట్టించే చీజ్‌కేక్ లాంటివాటిలో వాడతారు. అది పందిది కావొచ్చు, పశువుదీ కావొచ్చు.

ఇక పంది మాంసం పేర్లు చూద్దాం. పోర్క్ అని రాసి ఉంటే ఎవరికైనా తెలుస్తుంది. బేకన్, హామ్, గామన్, పాన్‌సెట్టా, క్రాక్లింగ్ కూడా అదే. చోరిజో మామూలుగా పందిదే. సాసేజ్ అని ఊరికే రాసి ఉంటే చాలావరకు పందిదే అనుకోవాలి. బ్లాక్ పుడింగ్‌లో రక్తం ఉంటుంది. కోడి, టర్కీతో పాటు వచ్చే స్టఫింగ్ ముద్దలో సాసేజ్ మాంసం కలిపి ఉండొచ్చు. ష్రాప్‌షైర్ ప్రత్యేక వంటకం ఫిడ్జెట్ పై అని ఉంది. పేరులో ఏమీ తెలియదు, ఆపిల్ ఉంటుంది కదా అనుకుంటాం. అందులో గామన్ ఉంటుంది.

వీ గుర్తు, అలర్జీ పట్టిక

శాకాహార వంటకాల పక్కన ఇంగ్లిష్ అక్షరం వీ రాస్తారు. ఈ గుర్తు మనకు చాలా సాయం చేస్తుంది. కొవ్వు, ఎముకల రసం, జెలటిన్ ఈ మూడింటి నుంచీ మామూలుగా తప్పిస్తుంది. కానీ వైన్ నుంచి తప్పించదు, వైన్ శాకాహారమే కదా. కాబట్టి వీ గుర్తు చూసినా రెండు మాటలు అడగాలి: ఇందులో వైన్ గానీ బీరు గానీ ఉందా? వేయించే నూనె మాంసానికి వాడినదేనా?

అక్కడి చట్టం ప్రకారం ప్రతి రెస్టారెంట్ 14 రకాల అలర్జీ పదార్థాల గురించి చెప్పి తీరాలి. గోధుమ, పాలు, గుడ్లు, వేరుశనగ, చేప, నువ్వులు, ఆవాలు వగైరా. అడిగితే పట్టిక చేతికి ఇస్తారు. మనవాళ్ళు కొందరు ఆ పట్టిక చూసి నిశ్చింతగా ఉంటారు. అది పొరపాటు. ఆ 14లో పంది మాంసం లేదు, మద్యం లేదు, జెలటిన్ లేదు. హలాల్ అనేది ఆ పట్టిక పని కాదు. నోటితో అడగడం ఒక్కటే దారి.

తలుపు మీద ఆకుపచ్చ స్టిక్కర్‌పై 0 నుంచి 5 వరకు అంకె కనిపిస్తుంది. అది శుభ్రతకు ఇచ్చే మార్కు. 5 అంటే చాలా బాగుంది అని. వేల్స్‌లో దాన్ని తలుపు దగ్గర పెట్టడం తప్పనిసరి, ఇంగ్లండ్‌లో మాత్రం వాళ్ళ ఇష్టం. కనపడకపోతే ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో ఊరు పేరు కొట్టి చూసుకోవచ్చు. ఇది కూడా హలాల్ గురించి ఏమీ చెప్పదు.

అదే ఊళ్ళో 'ఇండియన్' రెస్టారెంట్

ఇంగ్లండ్‌లో ఎంత చిన్న సంత ఊరైనా ఒక 'ఇండియన్' రెస్టారెంట్ మామూలుగా ఉంటుంది. లోపలికి వెళ్తే చాలాచోట్ల నడిపేది బంగ్లాదేశ్ కుటుంబం, అందులోనూ సిల్హెట్ ప్రాంతం వాళ్ళు. పూర్వం బ్రిటిష్ ఓడల్లో పనిచేసిన సిల్హెట్ నావికుల్లో కొందరు ఇక్కడ దిగిపోయి హోటళ్ళలో పనికి కుదిరారు. తర్వాత సొంతంగా పెట్టుకుని బంధువులను పిలిపించుకున్నారు. ఇంకా వెనక్కి వెళ్తే, లండన్‌లో మొదటి భారతీయ భోజనశాల పెట్టింది కూడా ముస్లిం కుటుంబంలో పుట్టినవాడే. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ 1810లో హిందూస్తానీ కాఫీ హౌస్ తెరిచాడు. అది నిలదొక్కుకోలేదు, 1812కల్లా ఆయన దివాలా తీశాడు.

అక్కడి కూరలు మన ఇంటి కూరల్లా ఉండవు. ఉల్లిపాయలు పెద్ద గిన్నెలో ఉడికించి ఒకే గుజ్జు చేసి పెట్టుకుంటారు. మనం చెప్పిన పేరును బట్టి దానికి మసాలా, కారం, పెరుగు, క్రీమ్ కలిపి పది నిమిషాల్లో ఇస్తారు. మద్రాస్ కూర అంటే చెన్నై కూర కాదు, కారం ఎక్కువ అని గుర్తు. చికెన్ టిక్కా మసాలా అయితే 2001లో అప్పటి విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ దాన్ని బ్రిటన్ జాతీయ వంటకం అన్నంతగా ఇంగ్లిష్ వాళ్ళదైపోయింది. మన పెద్దవాళ్ళకు ఆ తియ్యటి కూరలు నచ్చకపోవచ్చు. ఒక రోజు ముందు ఫోన్ చేసి, మీ ఇంట్లో మీరు వండుకునేలాంటి కూర చేసి పెడతారా అని మర్యాదగా అడగండి. సంతోషంగా ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు.

నడిపేది ముస్లిం కుటుంబం కదా, అంతా హలాలే అనుకోవడం కూడా సరికాదు. చాలాచోట్ల మాంసం హలాలే ఉంటుంది, కానీ అన్నిచోట్లా కాదు. పెద్ద ఊళ్ళ నుంచి దూరంగా ఉన్నచోట స్థానిక కసాయి దగ్గరే కొనేవాళ్ళూ ఉంటారు. "మాంసం హలాలేనా, ఎక్కడి నుంచి తెప్పిస్తారు భాయ్?" అని అడిగితే తప్పు పట్టరు. చాలా రెస్టారెంట్లలో బారు కూడా ఉంటుంది, పక్క టేబుల్ మీద సీసాలు ఉంటాయి. మద్యం అమ్మని చోట్ల కూడా కొన్నిసార్లు తినడానికి వచ్చేవాళ్ళు సొంతంగా తెచ్చుకుంటారు. అది మీకు అభ్యంతరమైతే ఫోన్‌లోనే తెలుసుకోండి.

హలాల్ సర్టిఫికెట్ గురించి కూడా ఒక మాట. బ్రిటన్‌లో రెండు పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. హలాల్ మానిటరింగ్ కమిటీ, జంతువును జబహ్ చేసేముందు స్పృహ తప్పించడాన్ని అసలు ఒప్పుకోదు. హలాల్ ఫుడ్ అథారిటీ, దానివల్ల జంతువు చనిపోని పద్ధతి అయితే ఒప్పుకుంటుంది. మీ ఇంట్లో దేన్ని పాటిస్తారో అది మీ నిర్ణయం, సందేహం ఉంటే మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. గోడ మీద కాగితం ఉంటే ఎవరిదో, ఏ తేదీ వరకో చూడటం మాత్రం మరచిపోవద్దు.

ఫోన్ ఎప్పుడు చేయాలి, ఏమని అడగాలి?

శనివారం రాత్రి ఎనిమిదింటికి, అన్ని టేబుళ్ళూ నిండి ఉన్నప్పుడు, పది ప్రశ్నలు అడిగితే ఎవరికైనా విసుగే. రెండు మూడు రోజుల ముందు, మధ్యాహ్నం మూడు నుంచి ఐదు మధ్య ఫోన్ చేయండి. అప్పుడు వాళ్ళకు తీరిక ఉంటుంది. ముందే చేయమనడానికి ఇంకో కారణం ఉంది. సరుకు రోజుల ముందే చెప్పి తెప్పించుకుంటారు. ముందు రోజు తెలిస్తే మీ కోసం ఒక చేప ఎక్కువ తెప్పించగలరు, ఎముకల రసం లేకుండా సూప్ కాయగలరు. టేబుల్ దగ్గర కూర్చున్నాక చెబితే వాళ్ళ చేతిలో ఏమీ ఉండదు.

అడిగే మాటలు సూటిగా ఉండాలి. హలాల్ దొరుకుతుందా అని అడిగితే ఇంగ్లిష్ రెస్టారెంట్ వాళ్ళకు అంతా అర్థం కాకపోవచ్చు, లేదని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. ఇలా చెప్పండి: "మేము మతపరంగా మీ దగ్గరున్న మాంసం తినం. చేప, గుడ్లు, కూరగాయలు తింటాం. పంది, మద్యం ఏ రూపంలోనూ ఉండకూడదు." ఆ తర్వాత నాలుగు ప్రశ్నలు:

1. చిప్స్, చేపలు ఏ నూనెలో వేయిస్తారు? దాంట్లో మాంసం కూడా వేయిస్తారా?
2. సూప్, సాస్‌లకు ఏ స్టాక్ వాడతారు?
3. వంటలో వైన్, బీరు ఎందులో పడతాయి?
4. తీపి వంటకాల్లో జెలటిన్, సూయెట్, మద్యం లేనివి ఏవి?

చేప అయితే వేరే పెనం మీద, వెన్నతో చేయమని అడగొచ్చు. ఇంటివాళ్ళే వండే చోట ఇది పెద్ద కోరిక కాదు. కుదరదు అంటే కోపం తెచ్చుకోవద్దు, నిజం చెప్పినందుకు థాంక్స్ చెప్పి ఇంకో చోటు చూసుకోవాలి.

మనవైపు నుంచి కూడా ఒక మర్యాద ఉంది. ఆరుగురం అని చెప్పి తొమ్మిది మందితో వెళ్ళడం, రాలేకపోతే ఫోన్ చేయకపోవడం మనలో కొందరికి అలవాటు. పది టేబుళ్ళున్న చోట ఒక పెద్ద టేబుల్ ఖాళీగా పోతే ఆ రాత్రి సంపాదనలో పెద్ద ముక్క పోయినట్టే. మీ కోసం ప్రత్యేకంగా తెప్పించిన చేప వృథా అయితే, తర్వాత ఫోన్ చేసే ముస్లిం కుటుంబానికి ఏం జవాబు వస్తుందో ఆలోచించండి.

వేళలు, నీళ్ళు, బిల్లు

ఇక్కడ ఎప్పుడు పడితే అప్పుడు భోజనం దొరకదు. మధ్యాహ్నం 12 నుంచి రెండు, రెండున్నర వరకు, మళ్ళీ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు వంట. మధ్యలో వంటగది మూసేస్తారు. చిన్న ఊళ్ళలో ఇండియన్ రెస్టారెంట్లు చాలావరకు సాయంత్రం ఐదు తర్వాతే తెరుస్తారు. నమాజ్ వేళలు కూడా చూసుకోవాలి. డిసెంబర్‌లో నాలుగింటికే సూర్యాస్తమయం, కాబట్టి మగ్రిబ్ చదువుకుని ఆరింటికి హాయిగా వెళ్ళొచ్చు. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా పొద్దు గూకదు. మగ్రిబ్ అయ్యాక తిందాం అంటే వంటగది మూసి ఉంటుంది.

నీళ్ళు అని ఊరికే అడిగితే డబ్బులిచ్చి కొనే సీసా తెస్తారు. ట్యాప్ వాటర్ అని అడగండి. మద్యం అమ్మే లైసెన్సు ఉన్న చోట అడిగినవాళ్ళకు తాగే నీళ్ళు ఉచితంగా ఇవ్వాలని ఇంగ్లండ్‌లో నియమం ఉంది.

మెనూలో రాసిన ధరలోనే పన్ను కలిసి ఉంటుంది, మన దగ్గరలా చివర్లో కలపరు. కొన్నిచోట్ల సర్వీస్ చార్జ్ అని పది, పన్నెండున్నర శాతం వేస్తారు. ఐచ్ఛికం అని రాసి ఉంటే ఇవ్వడం మీ ఇష్టం. టిప్పు మొత్తం పనివాళ్ళకే చేరాలని 2024 అక్టోబర్ 1 నుంచి చట్టం అమల్లో ఉంది. మనసుకు నచ్చితే ఇవ్వండి.

మళ్ళీ అదే ఊరు

పోయిన ఏడాది అమ్మీ మళ్ళీ వచ్చింది. లడ్లో వెళ్దామంటే మొదట ఒప్పుకోలేదు. మా ఆవిడ గురువారమే అదే రెస్టారెంట్‌కు ఫోన్ చేసి పైన రాసిన మాటలన్నీ అడిగింది. ఆ ఇంటావిడకు మేము గుర్తున్నాం. "ఆ పెద్దావిడ వస్తున్నారా?" అని అడిగిందట.

ఆదివారం మేము వెళ్ళేసరికి, కూరగాయల రసంతోనే కాచిన ఆలుగడ్డ, లీక్ సూప్ సిద్ధంగా ఉంది. ట్రౌట్ చేపను విడిగా పెనం మీద వెన్నలో వేయించింది. చివర్లో ఆపిల్ క్రంబుల్, కస్టర్డ్. వెన్న తప్ప ఏ కొవ్వూ వాడలేదని ఆమే టేబుల్ దగ్గరికి వచ్చి అమ్మీకి చెప్పింది. ఆ తర్వాత లోపలికి వెళ్ళి ఒక చిన్న పళ్ళెం తెచ్చింది. అందులో చిప్స్ ఉన్నాయి. "కొత్త గిన్నె, సన్‌ఫ్లవర్ నూనె" అంది.

అమ్మీకి ఇంగ్లిష్ రాదు. అయినా సన్‌ఫ్లవర్ అన్న మాట అర్థమైంది, నంద్యాలలో మా ఇంట్లో వాడే నూనె డబ్బా మీద ఉండేది అదే మాట. ఒక చిప్ తీసుకుని బిస్మిల్లాహ్ అంది. తిని, "ఉప్పు తక్కువైంది, కానీ బాగున్నాయి" అంది. స్టీలు డబ్బా ఆ రోజు కారులోనే ఉండిపోయింది.